మిరప ఘాటే అనుకున్నాం

ఒంగోల్లో మా ఇంటి హాలు గోడకి ఒక గిటారు వేలాడుతూ ఉంటుంది. మధ్యలో ఉన్న గుండ్రటి రంధ్రం దగ్గర ముక్కు పెడితే పొగాకు వాసన వస్తుంది. మా ఇంట్లో చుట్ట కాల్చేవాళ్లు లేరు, బీడీ ముట్టేవాళ్లు లేరు. వచ్చినవాళ్లకి ఈ మాట చెబితే ముందు నమ్మరు, లేచి వెళ్లి వాసన చూసి, ముక్కు చిట్లించుకుని, ‘అవునండోయ్’ అంటూ వచ్చి కూర్చుంటారు. ఇల్లు ఊడ్చేటప్పుడు నేను రోజూ అక్కడ ఒక్క క్షణం ఆగుతాను. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆ వాసన మరీ చిక్కగా ఉంటుంది, దాని వెనక టేకు పొట్టు వాసన, దాని వెనక లక్క వాసన, అన్నిటికీ వెనక మా అమ్మ చీరకొంగు వాసన కూడా ఉందని నాకనిపిస్తుంది. అది నా భ్రమ అని నాకూ తెలుసు.

ఆ వాసన నేను పుట్టిపెరిగిన పర్చూరుది. మా వీధి దాటగానే పచ్చి పొగాకుని వేడికి ఆరబెట్టే బ్యారన్లు వరసగా ఉండేవి, పొడుగాటి ఇటుక గోడలు, పైన రేకులు, కింద కట్టెల పొయ్యిలు. ఆకు కాల్చే రోజుల్లో ఊరంతా తేనె మరిగినట్టు ఒక తియ్యటి వాసన కమ్ముకునేది, స్నానం చేసినా జుట్టులోంచి పోయేది కాదు, బళ్లో నోట్‌బుక్కు తెరిస్తే కాయితాల్లోంచి వచ్చేది. పొగాకు గిట్టుబాటు కాక రైతులు ఒక్కొక్కరే బ్యారన్లు వదిలేసి, ఇటుకలు అమ్ముకుని, లోపల ఆకు కర్రలు ఆనించే టేకు దూలాలని పొయ్యిల్లోకి, పశువుల కొట్టాలకి వాడేసుకుంటుంటే, మా నాన్న మస్తాను మాత్రం ఆ దూలాల కోసం ఎడ్లబండి కట్టించుకుని వెళ్లేవాడు. ఏళ్ల తరబడి ఆ వేడిలో ఎండిన కర్రకి ఇంక ఎండాల్సిందేమీ మిగలదని, రోహిణి కార్తెలో కూడా అది పగలదు, వంగదు అని ఆయన నమ్మకం. నమ్మకం నిజమే అయింది. మా ప్రాంతం ఎండలకి షాపుల్లో కొన్న గిటార్ల మెడలు వంగిపోయేవి గానీ నాన్న చేసినవి వంగలేదు.

అవును, పర్చూరులో గిటార్లు. చెబితే ఇప్పటికీ నవ్వుతారు. మా తాత దూది ఏకేవాడు. ఇంటికన్నా పొడుగనిపించే విల్లు ఒకటి భుజాన వేసుకుని, దానికి బిగించిన నరాన్ని కొయ్య గుండుతో మీటుకుంటూ ఊరూరా తిరిగేవాడు, ఆ మోతకి దూది పొగలా లేచి వసారా అంతా తెల్లబడేది, మా కనుబొమలు కూడా తెల్లబడి మేమంతా ముసలాళ్లమైపోయామని నవ్వుకునేవాళ్లం. స్పాంజి పరుపులు వచ్చాక ఆ విల్లు అటకెక్కింది. నాన్న వడ్రంగం నేర్చుకుని మంచాలూ తలుపులూ చేస్తుండగా, ఒకరోజు చర్చి పాస్టరుగారు మెడ విరిగిన గిటారుని దుప్పట్లో చుట్టి తెచ్చి, ‘మస్తానూ, దీన్ని బతికించగలవా?’ అని అడిగారు. నాన్న దాన్ని బతికించాడు. బతికించే ముందు వెనక పలక ఊడదీసి లోపలి బద్దలు ఎక్కడెక్కడ ఎలా అతికించారో చూసుకున్నాడు. పక్కనే కూర్చుని చూస్తున్న అమ్మ, ‘లోపలంతా ఖాళీయే గదయ్యా, దీనికింత హడావుడేంది?’ అంది. ఆ ఖాళీలోనే నాన్న తరవాతి ఏళ్లు గడిచిపోయాయి.

ముందు చర్చిల వాళ్లు వచ్చారు, తరవాత పాట కచేరీల కుర్రాళ్లు వచ్చారు. ఎవరొచ్చినా నాన్న మొదట చెయ్యి చాపమనేవాడు. అరచేతికి, వేళ్లకి దారం పెట్టి కొలిచి, ఆ చేతికి సరిపడేలా గిటారు మెడ చెక్కేవాడు. చర్చిలో పాడే ఒక పిల్లకి పొట్టి వేళ్లుంటే మెడ సన్నగా చేశాడు, పత్తి మిల్లులో వేలు పోగొట్టుకున్నాయనకి తీగలు దగ్గర దగ్గరగా పెట్టాడు. పక్క బద్దలు వంచేటప్పుడు ఇనప గొట్టంలో పత్తికట్టె నిప్పులు పోసి, తడిపిన టేకు బద్దని ఆ గొట్టం మీద ఆనించి కొంచెం కొంచెంగా వంచేవాడు. కర్రలోంచి ఆవిరితో పాటు పాత పొగాకు వాసన లేచేది. జిగురు పెట్టాక పలకలు ఊడిపోకుండా సైకిలు ట్యూబులు కోసి చుట్టూ కట్టేవాడు, ఆ ట్యూబులు లాగి పట్టుకోవడం నా పని. అప్పుడు ఆయన పలక మీద వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి, చిత్రిక పట్టి, మళ్లీ కొట్టి వింటుంటే మేము ఊపిరి కూడా గట్టిగా తీసుకునేవాళ్లం కాదు.

కరెంటు గిటార్లు మొదలయ్యాక మా ఇంటి రూపే మారిపోయింది. బోరు మోటార్లు చుట్టే షాపు నుంచి వెంట్రుక లాంటి రాగి తీగ తెచ్చేవాడు నాన్న, దాన్ని అయస్కాంతాల చుట్టూ చుట్టడానికి అమ్మ తన కుట్టుమిషను చక్రం తిప్పేది. తీగ తెగితే ఇద్దరూ ఒకరినొకరు కసిరేవాళ్లు, తెగకుండా అయిపోతే అమ్మ సేమ్యా పాయసం చేసేది. కచేరీ కుర్రాళ్లకి రంగులు కావాలి, అదీ మిరపపండు రంగు కావాలి. కార్లకి వేసే రంగులో టిన్నరు కలిపి, వసారాలో కంప్రెసరు పెట్టి కొట్టేవాడు నాన్న. ఆ టిన్నరు మాగిన అరటిపండులా వాసన వేసేది. మాకది పండగ వాసన, తలుపు సందులోంచి ముక్కులు పెట్టి పీల్చేవాళ్లం. అమ్మ మాత్రం పప్పు గిన్నె మీద మూత పెట్టి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వంట చేసుకునేది.

తయారైన గిటార్లన్నీ ముందుగదిలో దండేనికి వేలాడేవి. తీగలు బిగించి ఉన్న గిటారు దగ్గర ఎవరైనా గట్టిగా మాట్లాడితే అది సన్నగా పలుకుతుంది, ఇది గిటార్లున్న ఇళ్లవాళ్లకి తెలిసిన సంగతే. అమ్మ పెరట్లోంచి ‘మీరమ్మోయ్!’ అని నన్ను పిలిస్తే ముందుగదిలో గిటార్లన్నీ ‘జుమ్’మనేవి. నేను ఆటలో పడి పలక్కపోతే, ‘చెక్కముక్కలు పలుకుతున్నయ్ గానీ నా కూతురు పలకదు’ అని నలుగురికీ వినపడేలా దెప్పేది.

మాఘం వస్తే మిరప కోతలు. చేల పక్క కళ్లాల్లో ఎర్రగా ఆరబోసిన కాయలు, ట్రాక్టర్ల మీద కాయలు తొక్కి కుట్టిన టిక్కీల బస్తాలు, వీధరుగుల మీద తొడిమలు తీస్తూ ఆడవాళ్లు. చిన్న గాలి లేస్తే చాలు, వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా అందరూ దగ్గేవాళ్లు, తుమ్మేవాళ్లు. కొత్తగా కాపరానికొచ్చిన కోడలు దగ్గితే, ఏ ఊరి పిల్లో, మా మిరప ఇంకా అలవాటు పడలేదని నవ్వేవాళ్లు. అమ్మ కూడా కోతలకి వెళ్లేది, తొడిమలు తీసేది, అందరితో పాటు దగ్గేది. ఆమె దగ్గినప్పుడల్లా గిటార్లు పలికేవి. మేం దాన్ని కూడా ఆటే చేసుకున్నాం, ఏ గిటారు ముందు పలుకుతుందో పందెం కాసేవాళ్లం. మిరప నేలలో పుట్టినవాళ్లకి దగ్గు ఒక జబ్బని ఎవరికి తోస్తుంది? ఇంకో ఊళ్లో అయితే ఆ దగ్గు విని ఎవరో ఒకరు డాక్టరు దగ్గరికి తీసుకుపోయేవాళ్లు. మేం మిరప ఘాటే అనుకున్నాం.

ఆ ఏడు ఆషాఢం జల్లులు పడుతున్నాయి. కాయలన్నీ ఎప్పుడో శీతల గిడ్డంగులకి వెళ్లిపోయాయి, కళ్లాలు కడిగినట్టున్నాయి, కొత్త మిరప నారు ఇంకా పొయ్యలేదు. నాన్న ముందుగదిలో ఒక గిటారుకి శ్రుతి చూసుకుంటున్నాడు, నేను పక్కన ట్యూబులు చుట్టిపెడుతున్నాను. ఉన్నట్టుండి దండెం మీదున్నవన్నీ పలికాయి. ఆగి మళ్లీ పలికాయి. నాన్న తల ఎత్తి వంటింటి వైపు చూశాడు.

‘సైదా, ఏం వేయిస్తన్నావ్?’

‘ఏం లేదయ్యా, పాలు కాస్తన్నా.’

నాన్న గిటారు పక్కన పెట్టి లేచి వంటింట్లోకి వెళ్లాడు. అమ్మ గోడకి చెయ్యి ఆనించి, వంగి, ఊపిరి అందక తడుముకుంటోంది. పొయ్యి మీద నిజంగా పాలే ఉన్నాయి.

గుంటూరు పెద్దాసుపత్రిలో డాక్టరుగారు ఫొటోలు తీయించి, ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయని, ఎప్పుడో రావాల్సిందని అన్నారు. దూది నుసి, మిరప దుమ్ము, చెక్కపొట్టు, రంగు, ఏది ఎంత చేసిందో ఆయన చెప్పలేకపోయారు. నాన్న ఎవరూ చెప్పకుండానే అంతా తన రంగు మీద వేసుకున్నాడు. ఇంటికి రాగానే కంప్రెసరు స్కూటర్లకి రంగులేసే అతనికి ఇచ్చేశాడు, కచేరీ కుర్రాళ్లని ఇంక రావద్దన్నాడు, చెక్కలూ పనిముట్లూ అన్నీ ఊరి బయట కూలిన బ్యారను నీడలోకి మోసుకుపోయాడు. సాయంత్రం ఇంటికొచ్చేముందు బావి దగ్గర తల మీంచి నీళ్లు పోసుకుని, వేరే బట్టలు కట్టుకుని గానీ గడప దాటేవాడు కాదు. ‘నీకదంటే ప్రాణం గదా, మానేస్తే ఏమైపోతావయ్యా?’ అని అమ్మ ఏడిచేది. ముందుగదిలో గిటార్లు కూడా తీసేస్తానంటే మాత్రం ఒప్పుకోలేదు, అవుంటే ఎవరో తోడున్నట్టుంటదంది.

తరవాతి రోజులు తలచుకోవడం నాకిష్టం లేదు, కానీ తలచుకోకుండా ఉండలేను. పీర్ల పండగకి వీధంతా మలీదా పంచే అమ్మ, ఆ ఏడు మంచం మీద కూర్చునే బెల్లం దంచమని నాకు చెప్పింది. పెరట్లోంచి వీధి దాకా వినిపించే గొంతు ముందు వంటింటికి, తరవాత మంచానికి తగ్గిపోయింది. ‘మీరమ్మోయ్’ అని ఆమె పిలిస్తే గిటార్లు పలకడం మానేశాయి. దగ్గుకి మాత్రం పలికేవి. ఒకసారి ఆమె పిలిచి, చెవి అటు పెట్టి విని, ఏమీ వినిపించక మొహం గోడ వైపు తిప్పుకుంది. నాన్న గుమ్మంలో నిలబడి అది చూశాడు.

మర్నాటి నుంచి ఆయన బ్యారను దగ్గరే ఉండిపోయేవాడు, నేను కారియర్లో అన్నం పట్టుకెళ్లేదాన్ని. పొగాకు దూలం లోంచి కోసిన టేకు, పైన దేవదారు పలక. ఆ పలకని ఎంత పల్చగా తీశాడంటే, ఎండకి పెడితే వెలుతురు ఎర్రగా కనపడేది. లోపలి బద్దలు అగ్గిపుల్లలంత చేశాడు. అది చూసిన పాస్టరుగారు, ఇంత నాజూకైతే ఎవరైనా వాయిస్తే నిలవదు కదా అన్నారు. ‘వాయించడానికి కాదండి’ అన్నాడు నాన్న. అప్పటిదాకా అందరి చేతులకీ కొలిచి గిటార్లు చేసినవాడు, ఈసారి అమ్మకి మిగిలిన ఊపిరికి కొలిచి చేశాడు. రంగు వెయ్యలేదు, పలుచగా లక్క రుద్ది, దాని వాసనంతా పోయేదాకా అక్కడే ఆరబెట్టి, అప్పుడు ఇంటికి తెచ్చి అమ్మ మంచం పక్కన గోడకి తగిలించాడు. నన్ను వీధిలోకి వెళ్లి నిలబడమన్నాడు.

అమ్మ పిలిచింది. ఆ పిలుపు నాకు వినపడలేదు. గిటారు పలికింది, అది వినపడింది. నేను పరిగెత్తుకుంటూ వెళ్లేసరికి అమ్మ నవ్వుతోంది, నాన్న తలుపు పట్టుకుని ఏడుస్తున్నాడు. ‘ఇయ్యాల పలికావే’ అంది నన్ను చూసి.

ఆమె పోయిన మూడో రోజు చుట్టాలంతా ముందుగదిలో చేరారు. ఊదొత్తుల పొగకి ఎవరో దగ్గారు, ఎవరో బావురుమన్నారు, దండెం మీదున్న గిటార్లన్నీ ఒక్కసారి జుమ్మన్నాయి. నాన్న లేచి, ఒక్కొక్క గిటారు దగ్గరికీ వెళ్లి తీగలన్నీ వదులు చేశాడు. అమ్మ మంచం పక్కనున్నదానికి పూర్తిగా పీకేశాడు. ఆ తరవాత తలుపులు చేశాడు, మంచాలు చేశాడు. గిటారు కావాలని ఎవరైనా వస్తే, చెయ్యి తిరగట్లేదని పంపేసేవాడు.

ఇప్పుడు బ్యారన్లు లేవు, అక్కడ ప్లాట్లు వేసి రాళ్లు పాతారు. తాత విల్లు ఏమైందో ఎవరికీ తెలియదు. ఆ చర్చిలో ఇప్పుడు కీబోర్డు పెట్టుకున్నారు. నాన్న నా దగ్గరే ఉంటున్నాడు, వస్తూ ఆ ఒక్క గిటారే తెచ్చుకున్నాడు, తీగలు లేకుండా. మొన్న నా కూతురు ఆయిషా ముచ్చటపడి, తాతకి చెప్పకుండా, షాపుకి తీసుకెళ్లి తీగలు వేయించుకొచ్చింది. ఆయన చూసి, బాల్కనీలోకి వెళ్లి కూర్చున్నాడు.

ఆ ఆదివారం నేను పప్పులో తాలింపు పెడుతుంటే ఎండుమిరపకాయ మాడింది. హాల్లో ఆయిషా దగ్గింది, గోడ మీద గిటారు జుమ్మంది. బాల్కనీలో కూర్చున్న నాన్న చేతికర్ర కూడా తీసుకోకుండా లేచి వచ్చి, అరచేత్తో తీగలు అదిమిపెట్టాడు.

‘ఏం వేయిస్తన్నావే?’

‘తాలింపు నాన్నా, మిరపకాయ మాడింది.’

ఆయన నమ్మలేదు. వంటింట్లోకి వచ్చి మూకుడులోకి తొంగి చూశాడు, నల్లగా మాడిన కాయని గరిటెతో తిరగేసి చూశాడు. వెనక్కి వెళ్లి, పిల్లని పక్కన కూర్చోబెట్టి, తాను గిటారు పక్కనే నిలబడ్డాడు. అది మళ్లీ పలుకుతుందేమోనని వింటూ నిలబడ్డాడు. పిల్ల మళ్లీ దగ్గలేదు. పప్పు చల్లారిపోయినా ఆయన కదల్లేదు. అన్నానికి రమ్మని నేనూ పిలవలేదు, పిలిస్తే అది పలుకుతుంది.