ఒక్క బిందె నీళ్ళు

నా చిన్నప్పుడు పక్కింటి అక్క నన్నడిగింది ఒక్క బిందె నీళ్ళు. ఆ బిందె పట్టి ఆమె గుమ్మంలో పెట్టకుండా, వీధి గొడవ మొత్తం ఆపడానికి బయలుదేరడం నేను చేసిన తప్పు.

అప్పట్లో మా జాలరిపేటలో రెండు వీధులకీ కలిపి ఒకటే కుళాయి. నీళ్ళు తెల్లవారుజామున కాసేపే వచ్చేవి. ముందురోజు సాయంత్రమే బిందెలు వరసలో పెట్టి ఇళ్ళకు పోయేవాళ్ళం. మనిషి లేకపోయినా బిందె ఉన్నచోటే వంతు. ఆ వేసవిలో ఎవరో బిందెలు వెనక్కి జరపడం మొదలుపెట్టారు. పై వీధివాళ్ళు కింది వీధిని అన్నారు, కింది వీధివాళ్ళు పై వీధిని. అక్క ఆ వేళకి హార్బరులో చేపలు కొనుక్కుని, గంపెత్తుకుని పూర్ణా మార్కెట్టుకి వెళ్ళాలి. ఇంట్లో చంటిపిల్ల. అందుకే నన్ను పిలిచి, "తమ్ముడా, నా వంతొచ్చినపుడు ఒక్క బిందె పట్టి గుమ్మంలో ఎట్టేత్తే సాలు" అంది.

మా చిన్నాన్న సైన్యంలో పనిచేసేవాడు. శ్రీలంకలో అక్కడివాళ్ళ పోరు ఆపడానికి మన సైన్యం వెళ్ళినప్పుడు తనూ వెళ్ళి, కాలికి దెబ్బ తగిలి ఆ మధ్యే ఇంటికొచ్చాడు. అక్కడి సంగతులు ఎవరడిగినా చెప్పేవాడు కాదు. చెప్పలేదు కాబట్టి నాకు తోచినట్టు నేనే ఊహించుకున్నాను. ఆయన బెల్టు నడుముకి చుట్టుకుని, ఈల మెళ్ళో వేసుకుని, స్నేహితులకి తలా ఒక కర్ర ఇచ్చి కుళాయి దగ్గర కాపలా పెట్టాను. ఒకదాని తరవాత ఒకటిగా పై వీధికొక బిందె, కింది వీధికొక బిందె అని రూలు చేశాను.

మొదట్లో అందరూ మెచ్చుకున్నారు. కింది వీధి ముసలమ్మ ఒకావిడ మాకు జంతికలు పెట్టింది కూడా. తరవాత తెలిసింది, కింది వీధిలో ఇళ్ళు ఎక్కువని. నా రూలు వల్ల వాళ్ళ బిందెలు చాలా వరకు ఖాళీగా వెనక్కి పోతున్నాయి. మీరు పై వీధి మనుషులన్నారు వాళ్ళు. సరే అని వాళ్ళకి ఇంకో బిందె వదిలితే, మేం అమ్ముడుపోయామన్నారు పై వీధివాళ్ళు. ఈలోగా మా కాపలావాళ్ళు తమ ఇళ్ళ బిందెలు ముందుకు తోసుకుంటున్నారు. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. చివరికి కింది వీధి కుర్రాళ్ళూ కర్రలు తెచ్చుకున్నారు. మేం తప్పుకుంటే రెండు వీధులవాళ్ళూ తలలు పగలగొట్టుకుంటారు. ఉంటే మా తలలు పగులుతాయి. అన్నం తినేటప్పుడు కూడా ఈల మెళ్ళోనే ఉండేది. తీసేసే ధైర్యం లేదు.

ఒక తెల్లవారుజామున తోపులాట మొదలైంది. హార్బరు నుంచి వస్తున్న అక్క గంప దించేసి, నన్ను బయటికి లాగాలని జనంలోకి చొరబడింది. నేను కళ్ళు మూసుకుని తిప్పిన కర్ర ఆమె మణికట్టు మీద పడింది. ఎముక విరిగింది. ఆ పూట గంప మార్కెట్టుకి వెళ్ళలేదు. అక్క ఇంట్లో బిందె ఎప్పటిలాగే ఖాళీ.

పడవల వెనక దాక్కుందామని పరిగెత్తబోతే, చిన్నాన్న కుంటుకుంటూ వచ్చి నా నడుముకున్న బెల్టు పట్టుకున్నాడు. కొడతాడనుకున్నాను. కుళాయి గట్టు మీద తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"అక్కడ మాకూ మొదట దండలేసినార్రా" అన్నాడు. "గొడవాపడానికెల్లినోళ్ళం, కొన్నాళ్ళకి మేమే గొడవైపోనాం. వాళ్ళు మమ్మల్ని కొట్టినారు, మేమూ కొట్టినాం. ఉండలేం, రాలేం."

చెయ్యి చాచి కుళాయి తిప్పి చూశాడు. నీళ్ళు ఆగిపోయాయి.

"ఒకామె నాకు సెంబుడు నీళ్ళిచ్చింది. మేం ఆ ఊరొగ్గేసి కదిలినాక, మాకు నీళ్ళిచ్చిందని మమ్మల్ని కొట్టినోళ్ళే ఆమె ఇల్లు తగలెట్టేసినారు. ఆమెకి నాను సెడు సెయ్యాలనుకోలేదు. దాహమేసి తాగినాను, అంతే."

బెల్టూ ఈలా తీసి ఆయన చేతిలో పెట్టాను. ఇప్పుడు నేనేం చేయాలని అడిగాను.

"పక్కింటి పిల్ల నిన్నేటడిగిందిరా?" అన్నాడు.

మర్నాడు అక్క బిందె పట్టుకుని వరసలో అందరికంటే వెనక నిలబడ్డాను. "ఏటి కలకటేరుగోరూ, కర్ర తేలేదేటి?" అని ఆడవాళ్ళు నవ్వారు. తలొంచుకున్నాను. నా దాకా వచ్చేసరికి నీళ్ళు అయిపోతే, రైలు గేటు దాటి నూతికి వెళ్ళి తోడుకొచ్చాను. కట్టు విప్పాక కూడా ఆ చేత్తో అక్క గంప తలకెత్తుకోలేకపోయింది. బడికి వెళ్ళే ముందు గంపెత్తడం నా పనైంది. ఆమె కూతురు పెద్దదై అందుకునే దాకా అది మానలేదు.

ఏదో దేశం ఇంకో దేశాన్ని బాగుచేయడానికి సైన్యాన్ని పంపిందని టీవీలో చూపిస్తే, తుపాకుల వెనక బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ళ కోసం నా కళ్ళు వెతుకుతాయి. మీకేం కావాలని వాళ్ళని ఎవరైనా అడిగారా అనిపిస్తుంది.

అక్క ఇప్పుడు సబ్బవరంలో కూతురి దగ్గర ఉంటోంది. వెళ్ళినప్పుడల్లా, ఏం చేయమంటావని ముందు అడుగుతాను. "ఏటీ వద్దు, కూకో తమ్ముడా" అంటే కూర్చుంటాను. ఒక్కోసారి బిందె కొంచెం ఎత్తిపెట్టమంటుంది. లేచి ఎత్తిపెడతాను, అంతవరకే.