ఒకే పిండి, రెండు డబ్బాలు

మెదక్ బస్ డిపోలో కండక్టరుగా పనిచేసి రిటైరైన రత్నాకర్ మాటల్లో సగం నమ్మవచ్చు. ఏ సగమన్నది తేల్చుకోవడమే కష్టం. ఒక చలికాలం పొద్దున శివ్వంపేట దగ్గర ఆయనా డ్రైవరూ టీ తాగడానికి దిగితే, బస్సు వాళ్ల కోసం చూసి చూసి విసుగెత్తి, తనంతట తానే తూప్రాన్ వెళ్లి, జనాన్ని దించి, కొత్తవాళ్లను ఎక్కించుకుని తిరిగొచ్చిందట.

"మరి టికెట్లు ఎవరు కొట్టిండ్రే?" అని ఎవరైనా అడిగితే, "గదే నాకూ సమజ్ కాలే. నడుమ చెకింగోళ్లు గూడ ఎక్కిండ్రట. ఒక్క తప్పు దొర్కలే" అంటాడు, మొహంలో చిరునవ్వన్నది లేకుండా.

అంతటి మాటకారి ఒక్క విషయంలో మాత్రం నోరు కట్టేసుకున్నాడు. నెలలో ఒక శనివారం సాయంత్రం తన వంటింట్లో జరిగే పని గురించి ఆయన ఎవరికీ చెప్పడు.

ఆ పని ఆయన తల్లి నుంచి వచ్చింది. వాళ్లది తాతల కాలం నుంచీ వీధి చివర ఉన్న చిన్న రాతి చర్చి, వాళ్ల మాటల్లో రాతి గుడి. నెల మొదటి ఆదివారం అక్కడ ప్రభు సంస్కారం, అంటే క్రీస్తును తలచుకుంటూ అందరూ రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. దానికి కావలసిన రొట్టె రత్నాకర్ ఇంటి నుంచే పోవాలి. గోధుమపిండి, నీళ్లు, అంతే. ఉప్పు వేయరు, పులియబెట్టరు. తల్లి పోయాక ఆ పని రత్నాకర్ భార్య సుశీల చేతికి వచ్చింది.

కొన్నేళ్ల తర్వాత సుశీల మోకాళ్ల నొప్పితో రేకుల షెడ్డులో నడిచే ఇంకో చర్చి ఉపవాస ప్రార్థనకు వెళ్లింది. నొప్పి పోలేదు గాని, అక్కడి పాటలు ఆమెను పట్టుకున్నాయి. ఆ సహవాసానికి పాస్టరు రఘుపతి, కుర్రవాడు, మంచి గొంతు. చిన్నప్పుడు నెత్తిన చిలకరించిన నీళ్లు లెక్కలోకి రావని ఆయన బోధిస్తే, సుశీల ఘనపురం కాలువలో నిండా మునిగి మళ్లీ బాప్తిస్మం తీసుకుంది. గట్టు మీద తువ్వాలు పట్టుకుని నిలబడ్డది రత్నాకరే. "జారుతది, మెల్లగ ఎక్కు" అన్నాడు తప్ప ఇంకో మాట అనలేదు.

రాతి గుడి పెద్ద నర్సింగం మాత్రం చాలా మాటలన్నాడు. రెండోసారి మునిగిన మనిషి చేతి రొట్టె తమ బల్ల మీదికి రాకూడదన్నాడు. అటు షెడ్డువాళ్లు కూడా అదే ఆదివారానికి రొట్టె సుశీలనే తెమ్మన్నారు, వాళ్ల నియమం ఇంకొకటి: నిండా మునిగినవాళ్లే రొట్టె చేయాలి. రత్నాకర్ ఆ రెండూ విని, గడ్డం గోక్కుని, ఒక దారి కనిపెట్టాడు. పిండి పిసికేది తాను. కాల్చేది సుశీల. "రొట్టె మీరే చేస్తున్నరు గద?" అని నర్సింగం అడిగితే రత్నాకర్ తల ఊపాడు. అదే మాట రఘుపతి అడిగితే సుశీల తల ఊపింది. ఇద్దరూ సగం సగం నిజమే చెప్పారు.

అలా ఒకే పిండి ముద్ద నుంచి రాతి గుడికి చిన్న ముక్కలుగా కోసిన రొట్టెలు ఒక డబ్బాలోకి, షెడ్డులో చేత్తో విరిచే పెద్ద రొట్టె ఇంకో డబ్బాలోకి వెళ్లేవి. తెల్లవారితే మొగుడూ పెళ్లాం వీధి మలుపు దాకా కలిసి నడిచి, అక్కడ విడిపోయేవాళ్లు. తెల్లచీరలో ఆమె కుడికి, ఇస్త్రీ చొక్కాలో ఆయన ఎడమకు.

అందుకే ఆ శనివారం సాయంత్రమంటే రత్నాకర్‌కు ప్రాణం. అప్పుడు ఇద్దరిదీ ఒకటే పని, ఒకటే బల్ల. ఆయన పిండి పిసుకుతూ కొత్త అబద్ధం ఒకటి అల్లేవాడు. ఆమె పెనం మీది రొట్టె తిప్పడం మరిచి నవ్వేది. సంగతి బయటపడితే రొట్టె ఆగిపోతుంది. రొట్టె ఆగితే ఆ సాయంత్రం కూడా పోతుంది. ఆయన భయమంతా అదే.

ఈ మార్చిలో ఆఫ్రికాలోని మలావి దేశం నుంచి తమాందా అనే ఆమె వచ్చింది. పాస్టరమ్మ. ఊళ్లోని చర్చీలన్నీ కలిసి మొదటి ఆదివారం సాయంత్రం ఒక ఫంక్షన్ హాల్లో ప్రార్థన కూడిక పెట్టుకుని, ఆమెను మాట్లాడడానికి పిలిచాయి. రత్నాకర్‌కు ఇంగ్లీషు వచ్చు, సిస్టర్లు బెత్తంతో నేర్పిన కాన్వెంటు ఇంగ్లీషు. కాబట్టి బస ఆయన ఇంట్లోనే.

శనివారం సాయంత్రం ఆమె వంటింట్లో పీట వేసుకుని కూర్చుని, రెండు డబ్బాలెందుకని అడిగింది. వినడానికి కొత్త మనిషి దొరికితే రత్నాకర్ ఆగుతాడా? పైగా సముద్రాలు దాటి వెళ్లిపోయే మనిషి. గుట్టంతా ఇంగ్లీషులో విప్పాడు. ఆయన అంత సంబరంగా ఏం చెబుతున్నాడో సుశీలకు అర్థమవుతూనే ఉంది.

"గామెకెందుకయ్యా ఇయ్యన్నీ?"

"మలావి ఏమన్న పక్కూరా? ఆడికి పోయి చెప్పుకుంటె మనకేంది?"

ఆదివారం కూడికలో తమాందా మాటలను తెలుగు చేయడానికి హైదరాబాదు నుంచి లెక్చరరు గారు రావాలి. ఆయన కారు తూప్రాన్ దగ్గర ఆగిపోయింది. నర్సింగం రెండో మైకు తెచ్చి రత్నాకర్ చేతిలో పెట్టి, "జర్ర ఉన్నదున్నట్టు చెప్పు. నీ కతలు కలపకు" అన్నాడు.

కలపకుండా ఉంటాడా! విమాన ప్రయాణం బాగా జరిగిందని ఆమె ఒక్క ముక్క అంటే, ఆ విమానం దారి తప్పిందనీ, తాను ఫోనులో 'రామాయంపేట కాడ తిరుగుండ్రి' అని దారి చెప్పాననీ వినిపించాడు. హాలంతా నవ్వింది. తన మాటల్లో ఇంత హాస్యం ఉందా అని తమాందా తెల్లబోయి, తానూ నవ్వింది.

తర్వాత ఆమె గొంతు మెత్తబడింది. మా దేశంలోనూ ఒక్కో ఊరికి ఎన్నో చర్చీలు, వాటి మధ్య ఎన్నో కంచెలు అంది. ఇక్కడికి నేర్పడానికి వచ్చాననుకున్నానంది. "నిన్న నేనున్న ఇంట్లో" అని మొదలుపెట్టగానే, ఎదురుగా చెకింగ్ స్క్వాడ్ జీపు కనిపించిన కండక్టరులా రత్నాకర్ ఉలిక్కిపడ్డాడు. ఆమె వాక్యం ముగించి, ఆయన వైపు తిరిగి, ఎదురుచూసింది.

తప్పించుకోవడం ఎంత పని! మెదక్ భోజనం బాగుందట అంటే చాలు, గండం గడిచిపోతుంది. ఆ ముక్క నాలుక చివర దాకా వచ్చింది కూడా. ఆయన ఆడవాళ్ల వైపు చూశాడు. సుశీల చాప మీద కూర్చుని ఆయననే చూస్తోంది. వద్దని తల అడ్డంగా ఊపలేదు, చెప్పమని సైగ చేయలేదు. పక్కన నిలబడ్డ తమాందా మొహంలో మాత్రం చిన్నపిల్ల సంతోషం ఉంది. ఆ సంతోషం మీద మట్టి పోయడం ఆయనకు చేతకాలేదు.

"నిన్న నేనున్న ఇంట్ల ఒక పిండి ముద్ద చూసిన" అన్నాడు, ఆమె అన్నది అన్నట్టే. "మొగడు పిసికిండు, పెండ్లాం కాల్చింది. రెండు డబ్బాలల్ల రెండు చర్చీలకు పోయింది. ఇయ్యాల పొద్దుగాల రెండు తావుల ఒక్కటే రొట్టె తిన్నరు. గిది చూసెతందుకే దేవుడు నన్ను ఇంత దూరం తెచ్చిండని అనుకుంటున్న."

హాలు ఒక్కసారిగా ఘొల్లున నవ్వింది.

"ఇగో, మళ్ల సురు చేసిండు రత్నాకర్!" అన్నారెవరో. నర్సింగం నుదురు కొట్టుకున్నాడు. రఘుపతి కూడా పకపక నవ్వాడు.

రత్నాకర్‌కు బయటపడే తలుపు తెరిచే ఉంది. నవ్వి ఊరుకుంటే సరిపోయేది. "కత కాదుండ్రి, నిజమే చెప్తున్న" అన్నాడు. జనం ఇంకా నవ్వారు. జీవితంలో మొదటిసారి ఆయనకు తనను నమ్మే మనిషి కావలసి వచ్చింది.

సుశీల మోకాళ్ల మీద చేతులాన్చి మెల్లగా లేచింది. "ఆయన రోజు అబద్ధాలే చెప్తడు గాని, గిదొక్కటి నిజం. కాల్చింది నేనే" అంది.

నవ్వు ఆగిపోయింది. తమాందా అటూ ఇటూ చూసి, ఏమనుకుందో, కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది.

బయట టీ దగ్గర నర్సింగం పట్టుకున్నాడు. "ఏం రత్నాకర్, మా గుడి రొట్టె ముంచుడోళ్ల చేతుల కాలుతున్నదా?"

రఘుపతి సుశీల ముందుకొచ్చాడు. "చిలకరించుకున్నోళ్లు పిసికిన పిండా సిస్టర్ మాకు తెచ్చింది?"

"ఇన్నేండ్ల సంది తింటున్నరు గద" అన్నాడు రత్నాకర్. "ఎవ్వరికన్న కడుపు నొచ్చిందా? ఆ రొట్టె తిన్నంక మీ ఇద్దరి ప్రార్థనలు ఏమన్న దారి తప్పినయా?"

ఒకరి మొహం ఒకరు చూసుకోవడం ఇష్టం లేక, ఇద్దరూ టీ గ్లాసుల్లోకి చూశారు. ఆలోచించి చెబుతామన్నారు.

నెలంతా ఎవరూ ఏమీ చెప్పలేదు. తమాందా వెళ్లిపోయింది. రత్నాకర్ ఆదివారాలు వెనక బెంచీలో కూర్చుని వచ్చాడు. కథలు కూడా తగ్గించాడు. పాలవాడికి అనుమానం వచ్చి, "దవాఖానకు పోయినవా కాకా?" అని అడిగాడు కూడా.

మళ్లీ ఆ శనివారం వచ్చింది. సాయంత్రం సుశీల పిండి పళ్లెం ఆయన ముందు పెట్టింది.

"పిసుకు."

"వద్దంటె?"

"వద్దన్నంక ఆపుదాం. ఎవ్వరన్న వద్దన్నరా?"

పిండిలో నీళ్లు పోసేలోపు తలుపు చప్పుడైంది. నర్సింగం భార్య రామమ్మ, చేతిలో జల్లించిన పిండి డబ్బా. "మా పెద్దమనిషి పొమ్మన్లే, వద్దన్లే. నేనే వచ్చిన. నీ పిండే ఎందుకు వదినా ఎప్పుడు? మాది గూడ కలుపు" అంది. ఆమె కూర్చుందో లేదో రఘుపతి భార్య క్రిస్టినా, చంకలో పెద్ద పెనంతో దిగింది. కాసేపటికి రఘుపతి వచ్చాడు, క్రిస్టినా కోసమని. ఆ వెనకే నర్సింగం వచ్చాడు, ఎవరూ ఉప్పు వేయకుండా చూడడానికని.

పిండి కలపకముందు ప్రార్థించాలా, కలిపాకనా అని మగవాళ్లు వాదించుకున్నారు. నర్సింగం ప్రార్థన పుస్తకం చూసి చదువుతూ, రఘుపతి కళ్లు మూసుకుని, ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టారు. ఒకరి ఆమెన్ ఇంకొకరి నడుమ పడింది. ఈలోగా రామమ్మ పిండి సగం పిసికేసింది.

"అన్నా, జర్ర బయట కూసోండ్రి. ఈడ జాగ లేదు" అంది క్రిస్టినా రత్నాకర్‌తో.

రత్నాకర్ చేతులకు తడిపిండితోనే గడప బయట మెట్టు మీద కూర్చున్నాడు. లోపల నలుగురు మాట్లాడుతున్నారు, సుశీల నవ్వుతోంది. ఆ నవ్వు ఆయన తెప్పించింది కాదు. ఏళ్ల తరబడి ఆగిపోతుందని భయపడ్డ పని ఆగలేదు. ఇంటి నిండా జనమయ్యారు. ఇది కదా కావలసింది అనుకున్నాడు. అయినా వాళ్లిద్దరికే సొంతమైన ఆ సాయంత్రం మాత్రం పోయింది.

కాసేపటికి సుశీల వచ్చి పక్కన కూర్చుంది. కొంగుతో ఆయన వేళ్ల మీది పిండి తుడిచింది.

"సుశీలా, సోమారం సాయంత్రం నీకేమన్న పనున్నదా?"

"ఎందుకు?"

"పూరీల పిండి పిసుకుదామని. నువ్వు కాల్సుడు, నేను పిసుకుడు. పూరీలకైతె ఏ చర్చోళ్లు రారు గద."

"వాసనకే వస్తరు" అని ఆమె మోకాలు పట్టుకుని లేచింది. తలుపు దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, "సోమారం అయితె తలుపు దగ్గరికేద్దాం" అని లోపలికి వెళ్లింది.