దండపాణి మామ చెల్లని మంచిపనులు

మా దండపాణి మామకు ఒకటే జబ్బు. తను చేసిన మంచిపని ఎవరి కంటా పడకూడదు. పడితే అది చెల్లదు. రద్దు చేసి మళ్ళీ మొదలెట్టాలి. బాప్తిస్మమప్పుడు పేరు మార్చుకోమంటే కూడా ఒప్పుకోలేదట. "కొత్త పేరు పెట్టుకుంటే తిరుత్తణి ఊరంతా నన్నే చూస్తాది. అది దేవుడి కోసమా, దండపాణి కోసమా?"

ఒకసారి కాలు విరిగిన వరదమ్మవ్వకు బావినీళ్ళు మోస్తున్నాడు. నేను ఎదురుపడి, "మామా, నువ్వు శానా మంచోడివి" అన్నాను, వెటకారంగానే. వెనక్కి పోయి నీళ్ళు బావిలో కుమ్మరించాడు.

"చూసినావు కదా? చెల్లదు. నువ్వు పో, మళ్ళీ తోడతా."

"నీకు పరలోకం దొరికేలోపల నా గొంతు ఎండిపోతాది సామీ!" అని గుమ్మంలోంచి అరిచింది అవ్వ.

ప్రార్థనా అంతే. ఒక ఆదివారం చర్చిలో వాన కోసం కన్నీళ్ళతో ప్రార్థిస్తూ ఉన్నట్టుండి ఒక కన్ను తెరిచాడు. "ప్రభువా, ఇంతసేపూ చెప్పింది కొట్టేయ్. వెనకవరస ఆడోళ్ళు మెచ్చుకుంటారని గొంతు పెంచినాను."

"మరి వాన సంగతి, దండపాణీ?" అన్నారు పాస్టరయ్య.

"అదొక్కటి ఉండనీండయ్యా."

డెబ్భై తొమ్మిదిలో మా అమ్మ తంగమ్మకు జ్వరం ముదిరింది. తిరువళ్ళూరు ఆస్పత్రికి తీసుకుపోవాలి. మాది కూలినేత; మగ్గం మీద లుంగీల పడుగు సగమే నేసి ఉంది. శనివారానికి నేసి ఇవ్వకపోతే నూలు ఇంకొకరికి ఇస్తానన్నాడు నూలిచ్చే యజమాని. ఇక మాకు పనే ఉండదు. మామ సాయానికి వస్తానన్నాడు.

"పరలోకానికి పోను మా అమ్మ జ్వరమే దొరికిందా నీకు?" అన్నాను. అప్పట్లో సాయం చేసేవాళ్ళను చూస్తేనే నాకు ఒళ్ళుమంట.

"నా అనుమానం కూడా అదేరా" అన్నాడు మామ, నిజంగానే దిగులుపడి.

శుక్రవారం అమ్మతో తిరిగొచ్చేసరికి పడుగంతా నేసి ఉంది. చెయ్యి ఎవరిదో చూడగానే తెలిసింది. మా వీధిలో అంత తిన్నగా అంచు పట్టేది మామ ఒక్కడే. మా ఇంటి తాళంచెవి తన దగ్గర పెట్టుకున్న పక్కింటి మునెమ్మక్క మాత్రం, "నేనేమీ చూళ్ళేదబ్బా" అని నవ్వింది.

దండం పెట్టడానికి పరుగెత్తబోయి ఆగాను. ఒక్క మంచిమాట అన్నానంటే ఈ మనిషి వచ్చి దారం దారం విప్పి మళ్ళీ నేస్తాడు! శనివారం రేపే.

అందుకని కేకేసి పిలిచాను. "మామా, ఎవరో మా మగ్గం మీద నేసి పోయినారు. అంచు చూడు, అంతా వంకర!"

"ఏందిరా వంకర? యాడ వంకర?"

మొహం ఎర్రబడింది. అంచును వేలితో కొసదాకా తడిమాడు.

"ఔనురా" అన్నాడు చివరికి. "ఎవడో చేతగానోడు నేసినాడు. అట్లాంటోడికి నువ్వు దండం పెట్టే పనిలేదులే."

ఒకరి ముందు తల వంచడం నాకెంత కష్టమో ఆయనకు తెలుసు. ఆ కష్టం నాకు తప్పించడానికి మా ఊళ్ళోకెల్లా మంచి నేతగాడు చేతగానివాడైపోయాడు.

అమ్మ నుదురు తాకి చూసి, గడప దాటబోతూ, ఒక్కసారి వెనక్కి తిరిగి ఆ అంచును ముద్దుగా చూసుకున్నాడు. నేను చూడనట్టు గోడవైపు తిరిగాను.