తైసియా చెరిపిన సున్నా

మాస్కోలోని ఒక పరిశోధన సంస్థలో తైసియా ల్వోవ్నా ఇరవై ఏళ్లుగా చేస్తున్న పని ఒక్కటే: అనేక చరరాశుల ప్రమేయాలను (ఫంక్షన్లను) కంప్యూటరు మెమరీలో కుదించి దాచడం. పది చరరాశుల పూర్తి పట్టిక ఏ యంత్రంలోనూ పట్టదు. అందుకని కొన్ని బిందువుల దగ్గర విలువలు తీసుకుని, తక్కినవాటిని వాటి నుంచే రాబట్టే చిన్న పట్టికల గొలుసు అల్లుతారు.

ఆ గురువారం సెమినారులో తన కొత్త గొలుసును వివరించి, బోర్డు మీద “దోషం సున్నా” అని రాసింది.

ముందు వరుసలోని పెద్దాయన గెర్మన్ ఒసిపొవిచ్ అడిగాడు: “ఎక్కడ సరిచూశావమ్మా?”

“తీసుకున్న బిందువుల దగ్గరే...”

“గొలుసు అల్లింది వాటితోనే కదా! అక్కడ అది తప్పు చూపమన్నా చూపదు. ప్రశ్నాపత్రం నువ్వే లీక్ చేసి, నువ్వే నూటికి నూరు వేసుకున్నావన్నమాట!”

గది గొల్లుమంది. ఈ తప్పు చేసినందుకే ఏటా విద్యార్థులను తైసియా మందలిస్తుంది. ఆమె చెవులు వేడెక్కాయి.

“పోనీలే, టీ తాగొచ్చి చూద్దాం,” అన్నాడాయన మెత్తగా. నవ్వు కన్నా ఆ జాలి ఎక్కువ గుచ్చుకుంది.

“వద్దండీ. పది చరరాశులకూ మీకు తోచిన విలువలు చెప్పండి.”

ఆయన చెప్పాడు. లెక్కించి చూస్తే ఆ బిందువు దగ్గర దోషం రెండో దశాంశస్థానంలోనే బయటపడింది. తైసియా ఎవరి వంకా చూడకుండా తడిగుడ్డతో సున్నాను తుడిచి, అసలు అంకెను వెనుక వరుసకు కూడా కనిపించేంత పెద్దదిగా రాసింది.