బ్రౌనీకి మాటసాయం చేసిన అవ్వ

కుందలహళ్ళిలో మా ఇంటి ఓనరమ్మ పోయిన వారం కన్నుమూసింది. కింద ఆమె, పైన మేము, మధ్యలో మెట్ల మీద ఆమె కుక్క బ్రౌనీ. మా పాప ఆమెను అవ్వా అనేది. నాకూ ఇప్పుడు ఆ పిలుపే నోటికొస్తోంది.

అవ్వది పెద్ద నోరు. నీళ్ళ ట్యాంకు పొంగిపోతే వీధి చివరిదాకా వినపడేలా తిట్టేది. బ్రౌనీ దగ్గర మాత్రం ఆ గొంతు గుసగుసలకు దిగేది.

పాప మొదటి పుట్టినరోజుకి పాలమూరు నుంచి మావాళ్ళంతా వచ్చారు. పాప చేతులు బ్రౌనీ మెడ చుట్టూ వేయించి అందరూ ఫోన్లు తీశారు. బ్రౌనీ ఆవలించింది, మూతి నాక్కుంది.

"పాపకు ముద్దు పెట్టనీకి చూస్తున్నది" అని మా అత్తమ్మ మురిసిపోయింది.

అవ్వ కేకు పళ్ళెం పక్కన పెట్టి వచ్చి, పాపను ఎత్తుకుంది. "ముద్దు కాదమ్మా, బెదిరి ఉండాది. నిద్ర రాకుండానే ఆవలిస్తా ఉండాది, కంట్లో తెల్లగుడ్డు కనపడతా ఉండాది. నన్ను వదలండప్పా అంటా ఉండాది. నోరు లేంది, ఇంకెట్ల చెప్పాల?"

ఫొటో చెడిపోయిందని అత్తమ్మ సాయంత్రం దాకా అలిగింది. అవ్వ ఆమెకు రెండో ముక్క కేకు పెట్టి ఊరుకోబెట్టింది.

పాపకు నడక వచ్చాక ఒక మధ్యాహ్నం, పడుకున్న బ్రౌనీ తోక పట్టుకోబోతే అది గుర్రుమంది. మా ఆయన చెప్పు తీశాడు. "ఆంటీ, దీన్ని యాడికన్నా పంపియ్యండి. చిన్నపిల్ల ఉన్న ఇల్లు" అన్నాడు. నేను పాపను ఎత్తుకుని వెనక్కి జరిగాను.

అవ్వ అతన్ని తిట్టలేదు. "తండ్రివి, నీ భయం నాకు తెలుస్తాదప్పా. గుర్రుమన్నందుకు మాత్రం కొట్టొద్దు. కొడితే ఇంకో తూరి గుర్రుమని చెప్పకుండానే కరుస్తాది. అది మొహం తిప్పుకునేటప్పుడే మనం చూసుకుంటే అంతదాకా రాదు."

మర్నాడే మెట్ల కింద చెక్క గేటు పెట్టించి, లోపల బ్రౌనీకి గోనెసంచి పరిచింది. పెద్దవాళ్ళు లేకుండా ఆ ఇద్దరినీ ఎప్పుడూ ఒకచోట వదల్లేదు. పాపకు ఆటలాగా నేర్పింది: నువ్వు పోవద్దు, కూర్చో, అదే వస్తే మెల్లగా తాకు, తల తిప్పితే చెయ్యి తీసెయ్. పాపతోపాటు నేనూ నేర్చుకున్నాను. పాపకు ఒక్క పంటిగాటు పడలేదు, బ్రౌనీకి గడప దాటాల్సిన గతి పట్టలేదు. ఆమెకు ఎన్నిసార్లు మొక్కినా తక్కువే.

పోయేముందు అవ్వ మంచం పట్టింది, మాట పడిపోయింది. దేవనహళ్ళి నుంచి చుట్టాలు దిగారు. అందరికీ ఆమె అంటే ప్రాణమే. ఒకరు చెయ్యి పట్టుకున్నారు, ఒకరు నుదురు నిమిరారు, ఒకరు చంటివాణ్ణి ఆమె పక్కన పడుకోబెట్టి, "స్వల్ప నవ్వు పెద్దమ్మా" అంటూ ఫోన్ ఎత్తారు.

అవ్వ గోడవైపు తిరిగింది.

మా ఐదేళ్ళ పాప అందరికీ వినపడేలా అంది: "అవ్వ మొహం తిప్పుకుంది. చాలంట. మనం బయటికి పోదాం."

ఒక్కొక్కరే లేచారు. అందరికంటే వెనక నేను తలుపు దగ్గరికి వేస్తూ చూశాను. దుప్పటి అంచును గట్టిగా పట్టుకున్న అవ్వ వేళ్ళు మెల్లగా విడివడుతున్నాయి.