ఊపిరి బిగబట్టి బీపీ చూపించుకున్నాను

పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో రెండేళ్లు క్యాజువల్‌గా పనిచేశాక నన్ను పర్మినెంట్ చేస్తామన్నారు. తొంభైల నాటి మాట. ఒకటే మెలిక, కంపెనీ డాక్టరు ఫిట్ అని రాయాలి. నాకేం రోగం అనుకుంటూ ధీమాగా వెళ్లాను. బీపీ ఎక్కువ వచ్చింది. వారం తర్వాత వెళితే ఇంకా ఎక్కువ వచ్చింది. మూడోసారి కూడా ఇంతే అయితే లిస్టులోంచి పేరు తీసేస్తామన్నారు.

ఇక చూడండి నా అవస్థ. ఉప్పు మానేశాను. పక్కింటాయన చెప్పాడని పరగడుపున వెల్లుల్లి నమిలితే, పటాన్‌చెరు బస్సులో నా పక్కన ఎవరూ కూర్చోలేదు. నోరెండిపోయి ముద్ద మింగుడుపడేది కాదు. నా భార్య మాత్రం నిమ్మళంగా ఉండేది.

"ఏం గాదు తియ్. గింత దానికే పరేషాన్ ఎందుకు?" అనేది.

ఆమెకేం, ఉద్యోగం పోయేది నాది కదా అని ఒళ్లు మండేది.

మూడోసారి కంపెనీ డాక్టరమ్మ గది తలుపు తీయగానే స్పిరిట్ వాసన గుప్పుమంది. గుండె దడదడలాడింది, అరచేతులకు చెమట పట్టింది. ఆవిడ నా దండచేతికి బీపీ పట్టీ చుట్టి, గాలి కొడుతూ ఆగిపోయింది.

"ఊపిరెందుకు ఆపినవయ్యా?"

"ఆపలేదమ్మా" అన్నాను. ఆ మాట అనడానికే గాలి పీల్చుకోవాల్సి వచ్చింది. సిగ్గేసింది.

అప్పుడు చెప్పాను. ప్లాంటులో ఘాటు వాసన కొట్టే సాల్వెంట్ రసాయనం డ్రమ్ము మూత తీసేటప్పుడు మేం ఊపిరి బిగబట్టి, మొహం పక్కకు తిప్పుకునేవాళ్లం. తలుపు దాకా వచ్చాకే గాలి పీల్చేది. మాస్కులు పెద్ద సార్లు వచ్చినప్పుడే మొహానికెక్కేవి. మొదటి నెలలో ఒకరోజు మరిచిపోయి పీల్చి, కళ్లు తిరిగి పడిపోయాను కూడా.

డాక్టరమ్మ నవ్వింది. "నీ ఒంట్ల ఒక కావలోడున్నడు. ఆనికి మీ డ్రమ్ముకు, నా స్పిరిట్‌కు ఫరక్ తెల్వదు. వాసన రాంగనే గుండెను ఉరికిస్తడు, నిన్ను అడగడు. పా, బైట కూసుందాం."

సైకిల్ స్టాండు దగ్గర బెంచీ మీద కూర్చోబెట్టింది. "మెల్లగ పీల్చు, ఇంకింత మెల్లగ ఇడువు" అంటూ పావుగంట మా ఊళ్లో పంటల గురించి అడిగింది. తర్వాత అక్కడే బీపీ చూసింది. నమ్మకం చాలక మళ్లీ చూసింది. రెండుసార్లూ సరిగ్గానే ఉంది.

"ఫిట్. కానీ మాస్కు పెట్టుకోకపోతే నేనే వచ్చి నీతోని కొట్లాడుత."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. గేటు దాటానో లేదో, కరువులోంచి వచ్చినట్టు ఆకలేసింది. బండి దగ్గర నిలబడి రెండు ప్లేట్ల మిర్చి బజ్జీలు తిన్నాను. వాటిలో ఉప్పు ఎంత బాగుందో.

మధ్యాహ్నానికి ఇల్లు చేరి నా భార్యకు సంగతి చెప్పాను.

"నేను జెప్పలే?" అంది.

సంతోషం పట్టలేక ఆమె చెయ్యి పట్టుకున్నాను. మంచుగడ్డలా చల్లగా ఉంది, అరచేయంతా తడి.

"గిదేంది?"

"ఇప్పుడే బోళ్లు తోమి వస్తున్న" అంది.

రాత్రి తిన్న ఎంగిలి గిన్నెలు మూలన అలాగే ఉన్నాయి. పొద్దుట్నుంచి పొయ్యి కూడా వెలిగించలేదు.