నీళ్లక్క

నేను అక్కా అని పిలిచే మా పెద్ద తోడికోడలి కోపం చల్లారడానికి పదకొండేళ్లు పట్టింది. పూర్తిగా చల్లారిందని ఇప్పటికీ నేను చెప్పను.

ఆ రోజు పాల కాంట్రాక్టరు ఆమె క్యానులో లాక్టోమీటరు వేశాడు. పాలలో తేలుతూ, నీళ్లు కలిశాయో లేదో గీతల్లో చూపించే గాజుగొట్టం అది. ఓ చూపు చూసి "నీళ్లు" అన్నాడు. అని ఊరుకున్నాడా? ఆరు లీటర్లూ వరుసలో అందరి ఎదుటా కాలువలో కుమ్మరించాడు. చంటిదానికి గ్లాసుడు కూడా ఉంచకుండా తెచ్చిన పాలు. మర్నాటి నుంచి ఆమె పేరు నీళ్లక్క. జన్మలో గేదె ముఖం చూడనివాళ్లు కూడా అలాగే పిలిచారు, వాళ్ల నోళ్లు పడిపోను!

నోట్లో నాలుక లేని మనిషి అనుకున్నాం. వారం తిరక్కుండా, బడిలో సైన్సు చెప్పే మాస్టారి దగ్గరికెళ్లి ఆ గొట్టం మీది గీతలు చదవడం నేర్చుకుంది. ఆ తర్వాత గడపగడపా ఎక్కింది. గేదెలు మనవి, పాలు మనవి, చూసే కళ్లు మాత్రం వాడివెందుకని అడిగింది. పిల్లి మెడలో గంట ఎవరు కడతారని మా బావగారు నవ్వితే, "నేనే కడతాను, మీరు కాస్త పక్కకి తప్పుకోండి" అంది.

పన్నెండుమందిమి కలిసి సంఘం పెట్టాం. మా కట్టుబాటు ఒకటే: గీత అందరికీ వినపడేలా పైకి చదవాలి, పాలు తెచ్చినవాళ్లు కూడా వంగి చూడాలి. మొదటి నెలలో కాంట్రాక్టరు మాట విని, పాలు పట్నం చేర్చే లారీవాడు రావడం ఎగ్గొట్టాడు. పాలన్నీ విరిగిపోయాయి. మర్నాడు ఆమే ఆటో మాట్లాడి, క్యాన్ల మధ్య ఇరుక్కుని కూర్చుని పట్నం తీసుకెళ్లింది. ఏళ్లు గడిచేసరికి నాలుగు వందల ఇళ్ల పాలు మా షెడ్డుకే వచ్చాయి. కాంట్రాక్టరు వాకిట్లో ఈగలు మిగిలాయి.

చివరికి ఆయనా రెండు గేదెలు కొనుక్కుని, ఒక పొద్దున మా వరుసలోనే నిలబడ్డాడు. పాలు చూసే బల్ల దగ్గర ఉన్నది మా అక్కే. గొట్టం ఆయన చేతికిచ్చి, "మీరే చూసి చెప్పండి" అంది.

ఆయన వంగాడు. కళ్లు చికిలించాడు. "నాకిది చదవడం రాదమ్మా. ఎప్పుడూ రాదు" అన్నాడు.

"మరి నా పాలల్లో నీళ్లున్నాయని ఎలా చెప్పావు?"

"ఎవరో ఒకరివి పారబోస్తే మిగతావాళ్లు ధర మీద నోరెత్తేవాళ్లు కాదు. ఆ రోజు నువ్వు ముందున్నావు."

నా ఒళ్లు మండిపోయింది. నేను ఆయన క్యాను తన్నబోతే మా అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఆయన పాలు తనే చూసి, గీత పైకి చదివి, బాగున్నాయంది. నిజంగానే బాగున్నాయి.

"ఇప్పుడన్న మాట వెనక్కి తిరిగి అందరికీ చెప్పు. ఆ తర్వాత పోసుకుంటాను" అంది.

చెప్పాడు. చివరివాళ్లకి వినపడలేదని మళ్లీ చెప్పించింది. మూడోసారీ చెప్పించాకే పాలు పోసుకుంది. నాకైతే ఆవగింజంత జాలి కలగలేదు. సాయంత్రం పాలకి వచ్చినప్పుడూ ఆయన చేత చెప్పించింది. పొద్దున రానివాళ్లు ఉంటారు కదా.